మిల్లు ఆగిన వేసవి

మా అత్తగారు ఎవరికీ చెడు తలపెట్టిన మనిషి కాదు. ముందు ఈ మాట రాసి, మిగతాది ఆ తర్వాత రాయడమే న్యాయం.

నూలు మిల్లు వెనక వరసలుగా కట్టిన రెండేసి గదుల ఇళ్లలో ఎవరికి నొప్పులు మొదలైనా, ఎవరి బిడ్డ పాలు పట్టకపోయినా ముందు మా వాకిట్లోకే వచ్చేవారు. మా అత్తగారు మిల్లులో నూలును చిలపలుగా చుట్టే రీలింగు విభాగంలో ఏళ్ల తరబడి నిలబడి పనిచేసి, మోకాళ్లు అరిగాక ఇంట్లో కూర్చున్న మనిషి. చదువు లేదు. చెయ్యి మంచిదన్న పేరుంది. నేను ఆ ఇంటి పెద్దకోడలిని. మా ఆయన పోయాక కూడా అక్కడే ఉండి, సిస్టర్లు నడిపే బడిలో పాఠాలు చెప్పుకునేదాన్ని. మా మరిది మిల్లులో ఫిట్టరు. అతని భార్య వైండింగు విభాగంలో కండెల మీది నూలును పెద్ద ఉండలుగా చుట్టే పనిలో ఉండేది.

ఆమెను మిల్లులో అందరూ రేడియో అనేవారు. యంత్రాల హోరులో మాట వినబడదు కనుక మిల్లువాళ్లు గొంతు వాడరు. పెదవులు కదుపుతారు, ఎదుటివాళ్ల పెదవులు చూసి అర్థం చేసుకుంటారు. అక్కడ పనిచేసిన ప్రతి మనిషికీ వచ్చిన విద్య అది. ఈమె ఒక్కతే ఆ హోరు మీదుగా వినబడేటంత గొంతుతో మాట్లాడేది. ఇంటికి వచ్చాక కూడా ఆ గొంతు దిగేది కాదు. "ఉప్పు అందుకో అక్కా" అని నన్ను అడిగితే పక్క వరసలో ఎవరో ఉప్పు డబ్బా కోసం లేచేవారని మా మరిది వేళాకోళం చేసేవాడు.

పెళ్లయి ఏడేళ్లయినా వాళ్లకు పిల్లలు లేరు. దాన్ని సరిచేసే బాధ్యత మా అత్తగారు స్వయంగా నెత్తిన వేసుకున్నారు. ఆవిడకు ఒక లెక్క ఉంది. నెలసరి ఆగిన తర్వాత వచ్చే వారమే బిడ్డ నిలిచే వారం; లోపలంతా కడిగినట్టు ఉంటుంది కాబట్టి అప్పుడు పడిందే పట్టుకుంటుంది. ఆ వారం దాటాక భార్యాభర్తలు దూరంగా ఉండాలి, లేకపోతే పట్టుకున్నది కదిలిపోతుంది. ఈ లెక్క తన తల్లి చెప్పిందట, ఆమెకు ఆమె తల్లి చెప్పిందట. మా వరసల్లో దాన్ని ప్రశ్నించినవాళ్లు లేరు. నేనూ ప్రశ్నించలేదు, ప్రశ్నించడానికి కావలసిన చదువు నాకు లేదు. అది ఎందుకు లేదో తర్వాత చెబుతాను.

లెక్క ఒక్కటే అయితే ఇంత జరిగేది కాదు. మిల్లులో ఎవరిని ఏ షిఫ్టులో వేయాలో నిర్ణయించే మేస్త్రీ మా అత్తగారి సొంత తమ్ముడు. మేమంతా మేస్త్రీ మావయ్య అనేవాళ్లం. ప్రతి నెలా మా అత్తగారు అతనికి కబురు పెట్టేవారు. ఆ వారం మొగుడూ పెళ్లాలిద్దరికీ ఉదయం షిఫ్టు పడేది. ఆ పై రెండు వారాలూ ఆమెకు రాత్రి షిఫ్టు, అతనికి పగటి షిఫ్టు. ఆమె ఇంటికి వచ్చేసరికి అతను గేటు దాటుతూ ఉండేవాడు. ఇంకొకరైతే కాళ్లావేళ్లా పడినా దొరకని మేలు అది. ఏడేళ్లలో ఒక్క నెల కూడా తప్పకుండా చేశాడు మావయ్య.

షిఫ్టులు గేటు పక్కన నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాసేవారు. ఆమె పేరు ఉదయం షిఫ్టులోకి మారగానే వైండింగు ఆడవాళ్లకు సంగతి తెలిసిపోయేది.

"రేడియో పొద్దుటి షిఫ్టుకొచ్చిందే. నిన్నటితో అయిపోయిందన్నమాట."

"ఈసారైనా స్టేషను దొరుకుతుందంటావా?"

"దొరికితే ముందు నీ చెవిలోనే పాడతాలే" అనేది ఈమె. ఇంటికి వచ్చాక నాతో అనేది వేరు. "నా ఒంటి సంగతి నాకన్నా ముందు బోర్డుకి తెలుస్తుంది అక్కా."

ఆ వేసవిలో మిల్లు ఆగింది. వైండింగులో కొత్త యంత్రాలు దింపి సగంమంది ఆడవాళ్లను మాన్పిస్తామని యజమానులు అన్నారు. మాన్పిస్తే ఎవరమూ లోపలికి రామని పనివాళ్లు అన్నారు. మొదటిరోజు సైరన్ మోగకపోవడంతో వరసల్లో పిల్లలందరూ బడికి ఆలస్యంగా వచ్చారు. నేనూ ఆలస్యంగానే వెళ్లాను. తీగల మీద ఆరేసిన బట్టలు మొదటిసారిగా దూది ధూళి అంటకుండా ఆరాయి. అన్నిటికన్నా వింతగా, మాటలు వినబడ్డాయి. ఏ ఇంట్లో ఎవరు దగ్గినా నాలుగు ఇళ్ల అవతలికి తెలిసేది. అప్పటిదాకా మిల్లు హోరు మా అందరి మధ్యా ఒక గోడలా నిలబడి ఉండేదని అది కూలాకే తెలిసింది.

గేటు ముందు వేసిన పందిట్లో ఆడవాళ్లు వంతులవారీగా కూర్చునేవారు. నినాదాలు చెప్పడానికి ఈమె గొంతును మించినది దొరకదు కదా. కార్మిక సంఘం కార్యదర్శి పై ఊరినుంచి వచ్చిన మనిషి. అతను మైకు తెప్పిస్తానంటే, "మా రేడియో ఉండగా మైకెందుకండీ, కరెంటు దండగ" అన్నారు వైండింగు ఆడవాళ్లు. ఆమె కార్యదర్శి పక్కన నిలబడి పలికేది, మిగతావాళ్లు అందుకునేవారు. మేస్త్రీలందరూ యాజమాన్యం వైపు ఉన్నారు గనుక ఒక నినాదం మేస్త్రీల మీద కూడా ఉండేది.

ఒక సాయంత్రం మావయ్య మా ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చోకుండానే అడిగాడు. "ఏమ్మా, ఇంట్లో మావయ్య గారూ, గేటు దగ్గర డౌన్ డౌనా?"

"గేటు దగ్గర మీరు మావయ్య కారు కదండీ, మేస్త్రీ" అందామె, టీ గ్లాసు అందిస్తూ. "ఇక్కడ మావయ్యే. పంచదార సరిపోయిందా?"

అతను తాగకుండానే వెళ్లిపోయాడు.

అప్పటికి సమ్మె మొదలై రెండు వారాలయింది. ఆ నెలలో ఆమెకు నెలసరి వచ్చి ఆగింది. మా అత్తగారి లెక్క ప్రకారం మంచి వారం మొదలయ్యే రోజునే మా మరిది ఊరు విడిచి వెళ్లవలసి వచ్చింది. సమ్మె నిధికి చందాలు పోగుచేయడానికి ఫిట్టర్లందరూ పక్క పట్నాల మిల్లులకు బయలుదేరారు. వారం పోయాక తిరిగివచ్చాడు. మంచి వారం చెయ్యి జారిపోయిందని మా అత్తగారు రెండు రోజులు సరిగా తినలేదు. ఆ తర్వాత కొడుకును పిలిచి, మంచం వసారాలో వేసుకోమన్నారు.

"ఎందుకత్తయ్యా?" అంది కోడలు.

"ఎందుకేంటే, ఎప్పుడూ ఉన్నదేగా. ఇప్పుడు నీకు రాత్రి షిఫ్టు వారాలు."

"మిల్లే మూసేస్తే నాకు మాత్రం రాత్రి షిఫ్టేంటి అత్తయ్యా?"

మా మరిది తల వంచుకుని నవ్వాడు. నేను నవ్వాను. చివరికి అత్తగారు కూడా నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వారు. మంచం లోపలే ఉండిపోయింది. ఏడేళ్లలో వాళ్లిద్దరూ ఆ రోజుల్లో ఒక కప్పు కింద ఉండడం అదే మొదటిసారి అన్న సంగతి అప్పుడు మాలో ఒక్కరికీ తోచలేదు.

తర్వాత నెల వచ్చింది, నెలసరి రాలేదు. ఆ పై నెలా రాలేదు. ఒక ఉదయం కుళాయి దగ్గర బిందె సగం నిండాక ఆమె దాన్ని పక్కకు జరిపి, గోడ పట్టుకుని నిలబడింది. నేను దగ్గరికి వెళ్లాను. ఆమె గొంతు తగ్గించి మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు.

"అక్కా, ఈసారి బోర్డు మీద రాయడానికేం లేదు."

నా కళ్లు తుడుచుకోవడానికి కొంగు అందలేదు. ఆమె కొంగే అందుకున్నాను.

మా అత్తగారికి చెప్పినప్పుడు ఆవిడ ముందు ఆమె తల నిమిరారు. తర్వాత కూర్చుని వేళ్ల కణుపుల మీద లెక్క వేసుకోవడం మొదలుపెట్టారు. లెక్క ఒకసారి అయింది. మళ్లీ మొదటినుంచి వేశారు. "వాడు చందాలకి పోయింది ఎప్పుడమ్మాయ్?" అని నన్ను అడిగారు. నేను చెప్పాను. ఆవిడ మళ్లీ తన వేళ్ల వైపు చూసుకున్నారు. ఆ పూట పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా లేవలేదు.

మర్నాడు మధ్యాహ్నం మేస్త్రీ మావయ్య వచ్చి, ఎదురింటి అరుగు మీద మా అత్తగారి పక్కన కూర్చున్నాడు. నేనూ తోటికోడలూ మా వాకిట్లో గిన్నెలు తోముతున్నాం. మిల్లు ఆగిపోయి ఊరంతా నిశ్శబ్దంగా ఉంది కాబట్టి వాళ్లు గొంతు వాడలేదు. పెదవులతో మాట్లాడుకుంటున్నారు. ఎదురుగా కూర్చున్నది కూడా మిల్లు మనిషేనని ఆ ఇద్దరూ మరిచిపోయారు. అలవాటు మనిషికి అలాంటి పొరపాట్లు చేయిస్తుంది.

ఆమె చేతిలో గిన్నె ఆగింది. కాసేపు అటే చూసింది. తోమిన గిన్నెనే మళ్లీ తోమడం మొదలుపెట్టింది.

"ఏమంటున్నారు?" అన్నాను. అప్పటికి నాకు ఆ విద్య అంతంతమాత్రమే వచ్చు.

"ఏం లేదక్కా. ఈ గిన్నెకి మసి వదలట్లేదు."

ఆ గిన్నెకు మసి లేదు. కడిగి బోర్లించాక తనే చెప్పింది. "మంచి వారంలో వాడు ఊళ్లో లేడు, మరి ఇది ఎవరిది అంటున్నారు. కార్యదర్శి పేరెత్తింది మావయ్యే. అత్తయ్య అనలేదు. అత్తయ్య ఊరికే తలాడించారు."

నేను ఆ సాయంత్రమే ఆమెను ప్రభుత్వాసుపత్రిలో ఉన్న లేడీ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాను. డాక్టరు నా వయసు మనిషే. పరీక్ష చేసి, అంతా బాగుందని చెప్పి, ఇన్నేళ్లు ఎందుకు ఆలస్యమైందని అడిగింది. ఈమె దాచకుండా లెక్క చెప్పింది, షిఫ్టుల సంగతి చెప్పింది. డాక్టరు చేతిలో కలం కింద పెట్టింది.

"నెలసరి ఆగిన వెంటనే గర్భం వచ్చే అవకాశం తక్కువమ్మా. అసలు రాదని చెప్పను, ఒంటికి ఒంటికీ తేడా ఉంటుంది. కానీ చాలా తక్కువ. మళ్లీ నెలసరి రావడానికి ఇంచుమించు రెండు వారాల ముందు అండం విడుదలవుతుంది. దానికి ముందు కొన్ని రోజులూ, ఆ రోజూ. నిలిచే అవకాశం ఎక్కువగా ఉండేది అప్పుడు. నీకు నెల కాస్త ఆలస్యంగా వస్తుందన్నావు కదా, నీకు ఆ రోజులు ఇంకా వెనక్కి జరుగుతాయి. ఆ రోజుల్లో నువ్వెక్కడ ఉండేదానివి?"

"మిల్లులో అండీ. రాత్రి షిఫ్టులో."

"మీ ఆయన?"

"ఇంట్లో. నిద్రపోతూ."

నేను చదివిన కాన్వెంటులో జీవశాస్త్రం పుస్తకాలు మా చేతికి ఇచ్చేముందు సిస్టర్లు ఒక అధ్యాయం పేజీలకు జిగురు పూసి అతికించేవారు. ఆ పేజీలు గట్టి అట్టలా ఉండేవి; పుస్తకం తెరిస్తే వాటి దగ్గరే తెరుచుకునేది. కప్ప గుండె బొమ్మను ఇప్పటికీ చూడకుండా గీయగలను. నా శరీరం గురించి నాకు తెలియవలసింది మాత్రం జిగురు కింద ఉండిపోయింది. ఆ సిస్టర్లు నాకు భాష నేర్పారు, నిటారుగా నిలబడడం నేర్పారు, అబద్ధం ఆడకూడదని నేర్పారు. వాళ్లకు నేను రుణపడి ఉన్నాను. అయినా ఆ జిగురును నేను క్షమించలేదు. చదువులేని మా అత్తగారి లెక్కకూ, చదువుకున్న సిస్టర్ల జిగురుకూ మధ్య ఒక ఆడపిల్ల ఏడేళ్లు నలిగిపోయింది.

తిరిగివస్తూ దారిలో ఆమె నాకన్నా ఒక అడుగు ముందే నడిచింది. మిల్లు గోడ పక్కకు వచ్చాక అంది. "నన్ను రాత్రిళ్లు అక్కడ నిలబెట్టి, బిడ్డేదని ఇంట్లో అడిగారక్కా." కోపంగా అనలేదు. తెగిన పోగు ఎక్కడ తెగిందో యంత్రం మీద వెతికి పట్టుకున్న మనిషిలా అంది.

ఆ రాత్రి కాక మర్నాడు ఉదయమే, అందరూ ఉన్నప్పుడు నేను విషయం తీశాను. మా అత్తగారు, మరిది, మావయ్య విన్నారు. డాక్టరు చెప్పింది చెప్పినట్టు చెప్పాను. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు కూడా అంత జాగ్రత్తగా మాట పేర్చి ఉండను.

"అంటే మేం చేసిన మేలే తప్పంటావా?" అన్నాడు మావయ్య.

"మేలు చేయాలనుకున్నారు. జరిగింది మేలు కాదు."

మా అత్తగారు మెల్లగా అన్నారు. "మన వరసల్లో ఎంతమందికి చెప్పాను పెద్దమ్మాయ్. అందరికీ పుట్టారుగా."

"వాళ్లు మంచి వారమూ కలిసే ఉన్నారు, తర్వాతా కలిసే ఉన్నారు అత్తయ్యా. మీరు చెప్పిన సగమే విన్నారు. వాళ్లెవరికీ షిఫ్టులు వేసే తమ్ముడు లేడు."

ఆవిడ నా ముఖంలోకి చూశారు. అర్థమైంది. ఆ క్షణంలో ఆవిడకు పూర్తిగా అర్థమైందని నేను ఏ న్యాయస్థానంలోనైనా ప్రమాణం చేసి చెప్పగలను. కోడలు నిర్దోషి అని ఒప్పుకోవాలంటే, ఏడేళ్లపాటు తన కొడుక్కి బిడ్డ లేకుండా చేసింది తన చేతులే అని ఒప్పుకోవాలి. ఒకటి లేకుండా రెండోది లేదు. ఆవిడ ఆ రెంటినీ తూచుకోవడం నేను చూశాను.

తర్వాత లేచి, గోడ పట్టుకుని వసారాలోకి నడిచారు. బయట నీళ్ల కోసం నిలబడ్డ ఆడవాళ్లు తలెత్తి చూశారు.

"నా లెక్క ఎప్పుడూ తప్పలేదు" అన్నారు మా అత్తగారు, గొంతెత్తి. "ఈ కడుపు నా కొడుకుది కాదు."

మిల్లు నడుస్తూ ఉంటే ఆ మాట హోరులో కొట్టుకుపోయేది. ఆ రోజు చివరి వరసదాకా వినబడింది.

నేను మా మరిది వైపు తిరిగాను. "నువ్వు చెప్పు."

"ఆ వారం నేను ఊళ్లో లేను వదినా."

"తర్వాత వారాలు ఎక్కడున్నావు?"

"ఇక్కడే."

"మరి?"

అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. గోళ్లలో నూనె నలుపు అన్ని నెలలు పని లేకపోయినా పోలేదు. "చిన్నప్పట్నుంచీ అమ్మ మాట వింటూ పెరిగాను వదినా. ఏమో" అన్నాడు. అతని భార్య ఆ 'ఏమో' విని లోపలికి వెళ్లి పెట్టె కిందకు దించింది.

సమ్మె ఆ వారంలోనే ముగిసింది. సగం ఆడవాళ్లు అనుకున్నది పాతికమందితో సరిపెట్టారు. గెలిచామనీ అన్నారు, ఓడామనీ అన్నారు. తిరిగి రాసిన బోర్డు మీద ఆమె పేరు ఏ షిఫ్టులోనూ లేదు. మావయ్య దానికి కారణం చెప్పలేదు, ఇంకెవరూ అడగలేదు. నేను అడిగాను. "నినాదాలిచ్చినవాళ్లని తీసేశారమ్మా, నా చేతిలో ఏముంది" అన్నాడు. ఏడేళ్లు అంతా అతని చేతిలోనే ఉండేది.

ఇంకో పట్నంలో ఆమె అక్క ఉంది. అక్కడా ఒక మిల్లు ఉంది. ప్రయాణానికి ముందురోజు సాయంత్రం, పెట్టె గొళ్లెం వదులైందని మా మరిది స్క్రూలు తెచ్చి, కింద కూర్చుని బిగించాడు. మూసి తెరిచి రెండుసార్లు చూశాడు. పని బాగా చేశాడు. అతను ఆమెకోసం చేసిన ఆఖరి పని అది.

ఉదయం సైరన్ మోగగానే అతను గేటు వైపు వెళ్లిపోయాడు. నేను పెట్టెకు ఒక పక్క పిడి పట్టుకుని ఆమెతో నడిచాను. బస్సు ఆగే చోటు మా ఇంటికి ఎదురుగా, రోడ్డు అవతల. మిల్లు మళ్లీ నడుస్తోంది. హోరు వచ్చి ఎప్పటిలా అందరి మధ్యా నిలబడింది. వసారాల్లో ఆడవాళ్లు చీపుళ్లు పట్టుకుని, చేటలు పట్టుకుని, ఊడ్వకుండా చెరగకుండా చూస్తున్నారు.

మా అత్తగారు గుమ్మం దాటి వసారా అంచుదాకా వచ్చారు. అటూ ఇటూ చూశారు. తర్వాత కోడలి వైపు తిరిగి పెదవులు కదిపారు. గొంతు లేదు. మెల్లగా, మాట మాటా విడదీసి, మిల్లులో కొత్తగా చేరినవాళ్లకు చెప్పేటట్టు చెప్పారు. అందుకే నాకు కూడా అందింది.

తప్పు నాదేనమ్మా.

ఆమె పెట్టె కింద పెట్టింది. ఒక చెయ్యి కడుపు మీదికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. తర్వాత, ఆ వేసవంతా గేటు ముందు వాడిన గొంతుతో, మిల్లు హోరు మీదుగా, అన్ని వరసలకూ వినబడేటట్టు అంది.

"గట్టిగా చెప్పండి అత్తయ్యా."

వసారాల్లో తలలన్నీ మా అత్తగారి వైపు తిరిగాయి. ఆవిడ కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒక అడుగు ముందుకు వేసినట్టే వేసి, వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయారు. బస్సు వచ్చింది. ఆమె కిటికీ పక్కన కూర్చుని, బస్సు మలుపు తిరిగేదాకా ఆ గుమ్మం వైపే చూసింది.

నేను రోడ్డు దాటి వెనక్కి వస్తుంటే పక్కింటావిడ చేటతో ఎదురొచ్చింది. "ఏం చెప్పమంటోంది మీ రేడియో?" అని అడిగింది.

నేను చెప్పాను. ఆ రోజే చెప్పాను, ఆ తర్వాత అడిగిన ప్రతి ఒక్కరికీ చెప్పాను, ఇప్పుడు ఇక్కడ కూడా రాశాను. కానీ అది నా నోటినుంచి రావలసిన మాట కాదు.